నవ్వని ఫొటో

ఆ సోమవారం పొద్దున్నే ఛవిలాల్ వరండాలోని మిరప మొక్కలను ఒక్కొక్కటిగా ఇంట్లోకి మోస్తున్నాడు. అక్టోబరు వచ్చిందంటే అక్రాన్‌లో మంచు ఎప్పుడు కాటేస్తుందో చెప్పలేం. పాత రంగు డబ్బాల్లో పెంచుకున్న ఆ గుండు మిరపలంటే ఆయనకు పిల్లల తర్వాత పిల్లలు. వంటింట్లో భార్య నరమాయ టీలోకి అల్లం దంచుతూ, మొక్కలకు చలేస్తుందని బెంగ పెట్టుకున్న మనిషి తను మాత్రం స్వెటర్ లేకుండా తిరుగుతున్నాడని గొణుగుతోంది.

కూతురు సబిత్రా చూపు మాత్రం ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. అక్కడ అయస్కాంతం బిళ్ల కింద ఓటరు నమోదు ఫారం వేలాడుతోంది. పేరు, ఇంటి నంబరు, వీధి అన్నీ ఆమే నింపింది. సంతకం గడి ఒక్కటే ఖాళీ. గడువు ఇవాళ్టితో సరి.

శుక్రవారమే ఛవిలాల్ ఈ దేశ పౌరుడిగా ప్రమాణం చేశాడు. భూటాన్‌లో పుట్టి, అక్కణ్ణుంచి వెళ్లగొడితే నేపాల్ శిబిరంలో పద్దెనిమిదేళ్లు వెదురు గుడిసెలో బతికి, ఇక్కడ మరో పదిహేనేళ్లు ఆగి, అరవై ఎనిమిదో ఏట ఒక దేశం చేత నావాడనిపించుకున్నాడు. పౌరసత్వ పరీక్షకు ఎనిమిది నెలల పాటు చదివించింది సబిత్రాయే. ఆ ఇంట్లో కాలేజీ గడప దాటి పట్టా తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె.

ప్రమాణం చేయించిన హాలు బయట ఓటరు నమోదు బల్ల దగ్గర ఆ రోజు ఆమె దుబాసీగా నిలబడింది. తమవాళ్లను పదకొండు మందిని నమోదు చేయించింది. పన్నెండో మనిషిగా తండ్రి వచ్చాడు. కలం అందుకున్నాడు. అందుకున్న కలాన్ని మళ్లీ బల్ల మీద పెట్టేసి, అందరూ చూస్తుండగా బయటికి నడిచాడు.

మూడు రోజులుగా ఎందుకు బా, ఎందుకని తండ్రిని అడుగుతూనే ఉంది. ఒకసారి తలనొప్పి అన్నాడు. ఒకసారి ముసలాడి ఓటుతో ఎవరికేం ఒరుగుతుందన్నాడు. నిన్నైతే మాటే మార్చి మిరపకాయల ఊరగాయ సంగతి ఎత్తాడు.

పనికి బయల్దేరుతున్న అన్న ఖేమ్, ఆమె మొహం చూసి ఆగాడు.

“ఇంకా దీని గురించేనా? ఆస్పత్రిలోనూ, ఇంటి అద్దె కాగితాల మీదా బా బదులు గీకింది నువ్వే కదా. ఇదీ గీకెయ్.”

“అది తప్పు అన్నయ్యా. నేరం కూడా.”

“అయితే మహారాజుగారి మనసు కరిగేదాకా తపస్సు చెయ్” అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

తప్పని తనే అంది. అయినా ఆమె చెయ్యి ఫారం వైపు వెళ్లింది. హాలు బయట పడ్డ సిగ్గు ఇంకా పచ్చిగానే ఉంది. పదకొండు మంది చేత సంతకం పెట్టించగలిగింది, సొంత తండ్రి చేత పెట్టించలేకపోయింది. కాగితం బల్ల మీద పరిచి, ఆయన సంతకంలోని మొదటి గీత గీసింది.

“నువ్వు కూడానా తల్లీ?”

వెనక గుమ్మంలో, చేతిలో మిరప డబ్బాతో ఛవిలాల్.

ఆమెకు భయం వేయాల్సింది, కోపం వచ్చింది. ఎనిమిది నెలలు చదివింది పౌరసత్వ పత్రాన్ని పటం కట్టించి గోడకు తగిలించుకోవడానికా అని అడిగింది. నీ మూలంగా నలుగురిలో తల ఎత్తుకోలేకపోయానంది. నరమాయ పొయ్యి ఆపి గుమ్మం దగ్గరికొచ్చింది.

ఛవిలాల్ డబ్బాను నెమ్మదిగా కింద పెట్టాడు.

“ఆ బల్ల దగ్గర నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా?”

“ఇక్కడ సంతకం పెట్టమన్నాను.”

“ఆ తర్వాత?”

సబిత్రా గుర్తు చేసుకుంది. బల్ల దగ్గరి పెద్దావిడ ముచ్చటపడి ఫోన్ ఎత్తి ఫొటో తీయబోయింది. ఏదో అంది. దాన్ని తను తమ భాషలో తండ్రికి చెప్పింది.

“కొంచెం నవ్వు బా, అన్నాను.”

“వాడూ అదే అన్నాడు. మన భాషలోనే అన్నాడు.”

అప్పుడు చెప్పాడు. దేశం నుంచి వెళ్లగొట్టారని పిల్లలకు తెలుసు. ఎలాగన్నది ఆయన ఎన్నడూ చెప్పలేదు. అప్పటికి ముప్పై ఏళ్ల నాటి భూమి శిస్తు రసీదు తెస్తేనే భూటాన్‌వాడివని అక్కడి అధికారులు అన్నారట. తెచ్చాడు. దాని వంకైనా చూడకుండా, ఆయన చదవలేని భాషలో ఉన్న ఫారం ఒకటి ముందుకు తోశారు. గుమ్మం దగ్గర తుపాకులు. పక్కనే కెమెరా పట్టుకున్నవాడు.

“నవ్వుతూ సంతకం పెట్టమన్నాడు. బయట మీ అమ్మ, దాని ఒళ్లో ఏడాది పిల్లాడు ఖేమ్. నవ్వాను తల్లీ. నా ఇష్టంతోనే దేశం వదిలిపోతున్నానని ఆ కాగితంలో రాసి ఉందని శిబిరానికి చేరాక తెలిసింది. ఇప్పటికీ ఎక్కడో ఆ ఫొటో ఉంటుంది. నవ్వుతూ ఉంటాను అందులో.”

నరమాయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సబిత్రాకు తన చేతిలోని కలం బరువెక్కినట్టయింది. పదకొండు మందికీ తను చేసింది గుర్తొచ్చింది. ఇక్కడ సంతకం పెట్టండి, ఇక్కడ. ఒక్కరికైనా కాగితంలో ఏముందో చదివి వినిపించిందా? తండ్రికీ వినిపించలేదు. అంత చదువుకుని, చదవడం ఒక్కటే మానేసింది.

ఆ ఫారాన్ని చింపి, సంచిలోంచి కొత్తది తీసి తండ్రి పక్కన కూర్చుంది.

“చదువుతాను బా. ఒక్క అక్షరం వదలను. విన్నాక నీకు ఇష్టం లేకపోతే దీన్నీ చింపేద్దాం. ఇంకెప్పుడూ అడగను.”

చదివింది. సన్న అక్షరాలతో సహా తమ భాషలోకి తిప్పి చెప్పింది. నువ్వు ఈ దేశ పౌరుడివేనా అన్న ప్రశ్న రాగానే ఆయన కలం లాక్కుని అవునన్న గడిలో తనే టిక్కు పెట్టాడు. పుట్టినరోజు దగ్గర, తేదీ తెలియనివాళ్లందరికీ శిబిరంలో వేసిన జనవరి ఒకటే రాస్తుంటే, ఊరంతా ఆ ఒక్కరోజే పుట్టింది కదా అని నరమాయ ముక్కు ఎగబీలుస్తూనే గుర్తు చేసింది.

“ఎక్కణ్ణుంచి వచ్చావని అడగలేదా?”

“లేదు బా. ఇప్పుడు ఎక్కడుంటున్నావనే.”

“వెళ్లిపోతానని ఎక్కడైనా ఉందా?”

“ఎక్కడా లేదు.”

ఆయన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. “సంతకం ఇక్కడ కాదు. వాళ్ల బల్ల మీదే పెడతాను” అన్నాడు.

పన్నెండు గంటలకు ముగ్గురూ ఎన్నికల ఆఫీసులో ఉన్నారు. ఛవిలాల్ నేత టోపీ సర్దుకుని, స్వెటర్ గుండీలు పెట్టుకుని, తీరిగ్గా తన పేరు రాశాడు. సబిత్రా ఫోన్ బయటికి తీయలేదు. ఆయనే తల ఎత్తి, “ఫొటో తియ్యవా?” అన్నాడు.

“తియ్యనా?”

“తియ్యి. నవ్వను మరి.”

“నవ్వొద్దు బా.”

కోర్టులో జడ్జిలా బిగుసుకుని నిలబడ్డాడు. తీసింది.

గుమాస్తా ఫారం తీసుకుని, ఇక వెళ్లొచ్చు, కార్డు పోస్టులో వస్తుందన్నాడు. ఛవిలాల్ కదల్లేదు. రసీదు కావాలన్నాడు. దీనికి రసీదు ఉండదని గుమాస్తా అంటే, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, నలిగి పసుపు పచ్చబడిన శిస్తు రసీదు బల్ల మీద పెట్టాడు. సబిత్రా రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. గుమాస్తా కాసేపు ఆ రసీదునే చూశాడు. తర్వాత లేచి వెళ్లి ఫారానికి నకలు తీసి, దాని మీద ఆ రోజు తేదీ ముద్ర దబ్బున గుద్ది ఇచ్చాడు. రెండు కాగితాలూ ఒకే కవర్లోకి వెళ్లాయి.

బస్టాపులో నరమాయ భర్త పక్కకు జరిగింది.

“ఇంతకీ ఓటు ఎవరికేస్తావు?”

“చెప్పకూడదు. రహస్యం. పరీక్షకు చదివాను.”

“ముప్పై ఆరేళ్లు కాపురం చేసిన నాకే రహస్యమా? సరే, ఈ పూట పొయ్యి ఎవరు వెలిగిస్తారో అదీ రహస్యమే.”

ఛవిలాల్ ఫక్కున నవ్వాడు. టోపీ జారిపోయేలా, ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా, అటు పోయేవాళ్లు తిరిగి చూసేలా నవ్వాడు. సబిత్రా చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి వెళ్లింది. తీయలేదు. కళ్లు తుడుచుకుని, వస్తున్న బస్సుకు చెయ్యి ఎత్తింది.