బుధవారం చెత్తబండి

మంగళవారం తైపేలో పట్టపగలే ఏజెంట్ కువోను కాల్చి చంపారు. అతను తింటున్న నూడుల్స్ గిన్నె ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

చీఫ్ షెన్ ఫొటో విసిరాడు. "ఇంజనీరు తూ. విదేశీ ముఠా పేర్లన్నీ ఈ ముసలాయన నోట్లోనే ఉన్నాయి. మూడో సందులో దాచాం. రేపు లేపేస్తారట. ఎలాగో కనుక్కో."

"ఆ ముక్క కువో బతికుండగా చెప్పుంటే అతను జాగ్రత్తపడేవాడు సార్," పళ్ళు కొరికాడు ఏజెంట్ లియావ్.

బుధవారం సాయంత్రం అతను గుమాస్తా వేషంలో, గుండీలో మైకుతో, మూడో సందు పక్కనే ఉన్న ఇంగ్లీషు ట్యూషన్ సెంటర్లో కూర్చున్నాడు. టీచరు మిస్ యాన్, ఎర్ర సిల్కు గౌను. అటు ముఠాకూ, ఇటు షెన్‌కూ పనిచేసే మనిషి.

"రెయిడ్ అంటే తలుపు బద్దలుకొట్టి మీద పడడం. సెర్చ్ అంటే ఇల్లంతా గాలించడం. యాంబుష్ అంటే మనిషి తనంతట తానే బయటికొచ్చేదాకా మాటు వేయడం." మూడోదాని కింద రెండు గీతలు గీసింది. "మిస్టర్ లియావ్, మీకు అన్నీ ఒకటే. అందుకే పోతారు... పరీక్షలో."

క్లాసంతా నవ్వింది. లియావ్ చూపు ఆ రెండు గీతల మీదే ఉంది. తలుపు బద్దలుకొడతారనుకుని కాపలా అంతా తూ ఇంటి గుమ్మంలోనే పెట్టారు. మరి ముసలాయన తనంతట తాను ఎందుకొస్తాడు?

వీధిలో చెత్తబండి పాట మోగింది. ఆ పాట వింటే చాలు, తైపేలో ఇంటింటి వాళ్ళూ చెత్త సంచీలతో బండి దగ్గరికి పరిగెత్తుతారు.

ముందు బెంచీలోని బేకరీ ఆవిడ దిగ్గున లేచింది. "అలవాటు పాడుగాను! బుధవారం బండి రాదు కదా?"

లియావ్ ఒక్క గెంతులో మెట్లు దిగాడు.

సందులో తూ చెప్పులీడ్చుకుంటూ, నీలం చెత్త సంచీతో బండి వైపు పోతున్నాడు. కాపలావాళ్ళిద్దరూ వెనకే, వాళ్ళ సంచీలతో! బండిలోంచి తుపాకీ గొట్టం తొంగి చూసింది. లియావ్ తూను గోడకు నెట్టి, సంచీ లాక్కుని విసిరాడు. అది పగిలి చేప తలలన్నీ తుపాకీవాడి మొహాన పడ్డాయి. గుండు ఆకాశంలోకి పోయింది. మరుక్షణం లియావ్ వాణ్ణి బండిలోంచి కిందికి లాగి మోకాలితో అదిమిపట్టాడు.

"నిన్న కువో పోయాడు. ఇవాళ మీరు చెత్త మోస్తున్నారా?" లియావ్ ఒక కాపలావాడి కాలరు పట్టుకున్నాడు.

"పాట వినబడింది సార్... కాళ్ళు వాటంతటవే..."

పై అంతస్తు అవ్వ చీపురుతో దిగింది. "సందంతా కంపు చేసి పెట్టావు! జరిమానా ఎవడు కడతాడురా?"

"చీఫ్ షెన్ పేర రాయించు అవ్వా," అన్నాడు లియావ్. "ఈ చెత్తంతా ఆయనదే."