ఛాయాదేవి కర్రీ పాయింట్ మీద ఒక ఫిర్యాదు

ఛాయాదేవి పప్పుచారుకి పోపు వేసిందంటే అమీర్‌పేటలో ఆ సందు మొత్తానికి తెల్లారినట్టే లెక్క. ఎదురు హాస్టల్లో కోచింగ్ పిల్లలు తుమ్ముకుంటూ లేస్తారు. కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, "ఆంటీ, ఇవాళ ఏం కూర?" అని అరుస్తారు. ఆవిడ గరిటె పైకెత్తి, "గుత్తివంకాయ! లేటుగా వస్తే దొండకాయే!" అని అంతకంటే గట్టిగా అరుస్తుంది.

ఈ మాటలన్నీ తన తల మీదుగానే అటూ ఇటూ పోతుంటే, హనుమత్ప్రసాద్‌గారు వరండాలో కుర్చీ వేసుకుని పేపర్లో మొహం దాచుకుంటారు. సందులో అందరికీ గుత్తివంకాయ. కట్టుకున్న మొగుడికి మధ్యాహ్నం మూడింటికి దొండకాయ కూడా మిగలదు. మరి ఒళ్ళు మండదూ?

ఆయన లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో అప్పీళ్ళ సెక్షను సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అధికారుల మీద జనం పెట్టుకునే అర్జీలు, నోటీసులు, విచారణలు, ఉత్తర్వులు, సర్వీసంతా వాటితోనే గడిచింది. ఆయన నోటు రాసిన ఫైలు కోర్టు దాకా వెళ్ళినా చెక్కుచెదరదని ఆఫీసులో పేరుండేది. ఇంట్లో మాత్రం ఆయన ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలీదు. "ఏవో కాగితాలు చూసేవారండీ," అంటుంది ఛాయాదేవి ఎవరైనా అడిగితే.

ఆ రోజు పొద్దున మున్సిపల్ ఆఫీసు మనిషి ఒకడు బండి దిగాడు. గేటు స్తంభానికి జిగురు రాసి ఒక కాగితం అంటించాడు. పనిలో పనిగా పప్పుచారు పార్సిల్ కట్టించుకుని మరీ వెళ్ళాడు.

"ఏమండీ, ఇదేదో మీ భాషలో ఉంది, చూడండి," అంది ఛాయాదేవి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. "ఇంటిముందు రేకుల షెడ్డు వేసి వ్యాపారం చేస్తున్నావట. సందుకి అడ్డమట. ఎవరో ఫిర్యాదు చేశారట. వారంలో తీసెయ్యాలి. లేకపోతే వాళ్ళే వచ్చి పీకేస్తారట." గొంతు సవరించుకుని, "ప్రభుత్వం తీసెయ్యమన్నాక ఇంకేం చేస్తాం ఛాయా. తీసేద్దాం. నీకూ కాస్త విశ్రాంతి," అన్నారు.

"తీసెయ్యడమా! నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా?"

ఆ కేకకి పక్క వాటాలోంచి ఫఖ్రున్నీసా చున్నీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చింది. కర్రీ పాయింట్‌లో సగం ఆవిడదే. దాల్చా పప్పు, బగారా బైంగన్ కూర ఆవిడ చేతివే. కూతురు ఉమైరా కాలేజీ చదువు ఆ దాల్చా మీదే నడుస్తోంది. సంగతి వినేసరికి ఆవిడ మొహం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది.

"ఎవడో ఓర్వలేనోడు పెట్టిండు ఛాయక్కా ఇది! వాడెవడో జర దొరకనీ నాకు. వాని ఇంట్ల పొయ్యి రాజుకోవద్దు! వాని నాలుకకు ఉప్పు తెల్వద్దు, కారం తెల్వద్దు!"

"అన్ని శాపాలెందుకమ్మా, పాపం..." అన్నారు హనుమత్ప్రసాద్‌గారు నీరసంగా.

"వాని మీద మీకెందుకు భాయ్‌సాబ్ గంత జాలి?"

ఎందుకంటే, ఆ ఓర్వలేనోడు ఆయనే.

అవునండీ, సొంత పెళ్ళాం దుకాణం మీద మున్సిపాలిటీకి ఫిర్యాదు పెట్టింది ఆయనే. రిటైరయ్యాక ఇద్దరూ తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారని ఆయన కలలు కన్నారు. ఈయన ఇంటికొచ్చి కూర్చున్న నెల తిరక్కుండానే ఆవిడ షెడ్డు వేసింది. "ఛాయా" అని పిలిస్తే "ఒక్క నిమిషమండీ" అంటుంది. ఆ నిమిషం అయ్యేసరికి గిన్నెలు కడిగి, నడుం పట్టుకుని, మంచం ఎక్కి గుర్రు పెడుతుంది. నాకు తోచడం లేదే, కాసేపు నా దగ్గర కూర్చోవే అని నోటితో చెబితే పోయేది. ఆ చెప్పడమే ఆయనకి చేతకాదు. ఏ బాధైనా కాగితం మీద పెట్టి పై అధికారికి పంపడమే ఆయనకి తెలిసిన దారి.

పోనీ, పేరు లేకుండా రాసి చావచ్చుగా అంటారా? పేరు లేని అర్జీలని సర్వీసంతా తన చేత్తో చెత్తబుట్టలో పడేసిన మనిషాయె! ఇంటిపేరు, డోర్ నంబరు, ఫోన్ నంబరు అన్నీ వేసి, కింద గుండ్రంగా సంతకం పెట్టి మరీ పంపారు. ఫిర్యాదీ డోర్ నంబరూ షెడ్డు డోర్ నంబరూ ఒకటేనని చూసే తీరిక ఆ ఆఫీసులో ఎవరికీ లేకపోయింది.

సాయంత్రం పంజాగుట్ట ఆఫీసు నుంచి కూతురు హైందవి వచ్చింది. వస్తూనే తీర్పు చెప్పేసింది. "ఇంట్లో ఇంత పెద్ద సూపరింటెండెంటుని పెట్టుకుని భయమెందుకమ్మా? జవాబు నాన్న రాస్తారు."

"ఆఫీసర్లతో మనకెందుకమ్మా..." అని ఆయన నసిగారు.

"ఊళ్ళో వాళ్ళ అర్జీలన్నిటికీ రాశారు. పెళ్ళానికి రాయలేరా?" అంది ఛాయాదేవి. ఆ అనడంలో కోపం లేదు, నమ్మకం ఉంది.

సరే, ఏదో నీళ్ళ జవాబు రాసి పడేద్దామని కూర్చున్నారు. కానీ పెన్ను పట్టుకుంటే ఆయన మొగుడూ కాదు, ఫిర్యాదీ కాదు, సూపరింటెండెంటు. ఉత్తర్వు ఇచ్చేముందు అవతలి మనిషిని పిలిచి విన్నారా? లేదు. షెడ్డు సందులోకి ఎంత జరిగిందో కొలిచారా? లేదు. ఏ కారణంతో తీసెయ్యమంటున్నారో ఒక్క ముక్క రాశారా? అదీ లేదు. ఒక్కో పాయింటూ దిగగొడుతూ పోయారు. రాసింది చదువుకుంటే ముచ్చటేసింది. 'దెబ్బకి ఆ ఫిర్యాదీ గాడు చిత్తు!' అనుకుని మీసం సవరించుకోబోయి, ఆ గాడెవడో గుర్తొచ్చి చెయ్యి దించేశారు.

హైందవి చదివి వినిపిస్తే ఛాయాదేవి తలూపుతూ వింది. చివర్న, "అంతా బాగుంది గానీ ఏమండీ, నా మీద చెప్పిందెవరో, ఏం చెప్పారో నాకు తెలియకుండా నేనేమని జవాబు చెప్పను? అది అడగలేదేం?" అంది.

సరిగ్గా ఆ మాటే ఆయన సర్వీసులో ఎన్ని ఫైళ్ళలో రాశారో! చట్టం మొహం చూడని ఆడమనిషి కత్తిపీట ముందు కూర్చుని అదే అడిగింది. కాదనడానికి వీల్లేదు. 'ఫిర్యాదుదారుని సమక్షంలో విచారణ జరపవలెను' అని కింద చేర్చారు.

విచారణ తేదీ వచ్చింది. ఫిర్యాదీగా ఆయనకీ ఫోనొచ్చింది. "రాంగ్ నంబరండీ," అని పెట్టేశారు. ఫిర్యాదీ రాకపోతే ఫిర్యాదు కొట్టేస్తారు, అందరికీ క్షేమం అని ఆయన ఎత్తు. హైందవి సెలవు పెట్టి కౌంటర్ చూసుకుంటానంది. ఛాయాదేవి పట్టుచీర కట్టుకుంది. ఫఖ్రున్నీసా సాక్ష్యంగా డబ్బాలో దాల్చా పెట్టుకుంది. ఛాయాదేవి తరఫున మాట్లాడడానికి ఆయన, మొత్తం ముగ్గురూ ఆటో ఎక్కారు.

అధికారి పేరు ప్రమోద్. కుర్రాడు, నెమ్మదస్తుడు. జవాబంతా చదివి, "మస్తు రాసిన్రు సార్," అన్నాడు. "మిమ్ముల పిలవకుండ నోటీసియ్యడం మాది తప్పే. ఇద్దరి మాట ఇనాలె. కంప్లయింట్ ఇచ్చినాయన వచ్చిండా?" ఫైలు తిప్పి చదివాడు. "కె. హనుమత్ప్రసాద్!"

"ఆయన నాతోనే వచ్చారండీ, నా తరఫున. మా ఆయనే," అంది ఛాయాదేవి గర్వంగా.

"మీ తరఫు కాదమ్మా. కంప్లయింట్ ఇచ్చినాయన పేరు చదువుతున్న."

ఫఖ్రున్నీసా డబ్బా మూత మీద చెయ్యేసి "యా అల్లా" అంది. ఛాయాదేవి మొగుడి వైపు తిరిగింది. ఆయన నేల మీద ఏదో పడిపోయినట్టు కిందికి చూస్తున్నారు.

ప్రమోద్ ఒకసారి ఫైలుని, ఒకసారి ఆయన్ని చూశాడు. "సార్, మీరు ఆమె తరఫా, ఆమె మీదనా?"

"రెండూ," అన్నారు హనుమత్ప్రసాద్‌గారు.

"ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నానండీ," అని వెంటనే అన్నారు.

"వీల్లేదు!" ఛాయాదేవి గొంతుకి పక్క గదిలో గుమాస్తాలు లేచి నిలబడ్డారు. "వాపసు లేదు, గీపసు లేదు. బాబూ, ఇద్దరి మాటా వినాలన్నావుగా? ఆయన మాట విను. నేనూ వింటాను. ఎందుకు పెట్టారో ఇక్కడే చెప్పాలి."

"సదరు షెడ్డు వలన ప్రజారాకపోకలకు..." అని ఆయన మొదలుపెట్టారు.

"మనుషుల భాషలో చెప్పండి!"

చివరికి, "ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు ఛాయా," అన్నారు. "నీ చుట్టూ ఎప్పుడూ జనమే. ఎప్పుడు పిలిచినా ఒక్క నిమిషం అంటావు. షెడ్డు పోతే నా దగ్గర కూర్చుంటావని... అంతే. అంతకు మించి నాకే దురుద్దేశం లేదు." అక్కడితో ఆపేసి కళ్ళు దించుకున్నారు.

ఛాయాదేవి చాలా నెమ్మదిగా అడిగింది. "మీరు ఇంటికి ఫైళ్ళు మోసుకొచ్చి, అన్నేళ్ళు, నేను పిలిచినప్పుడల్లా ఒక్క నిమిషం అన్నారే. అప్పుడు నేను ఏ ఆఫీసుకెళ్ళి అర్జీ పెట్టుకోవాలండీ?"

జవాబు రాయడంలో ఊరంతటికీ మొనగాడైన మనిషి జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

ప్రమోద్ కళ్ళు తుడుచుకోలేక, అధికారి కాబట్టి గంభీరంగా దగ్గాడు. నోటీసు రద్దు చేశాడు. ఎందుకు రద్దు చేశాడో కారణం కూడా రాశాడు. సందులోకి పొడుచుకొచ్చిన రేకు కాస్త వెనక్కి జరుపుకోమన్నాడు, దుకాణం నడుపుకోమన్నాడు. "మిగతా కేసు నా పరిధిల లేదు," అని ఛాయాదేవికి దండం పెట్టాడు. దాల్చా డబ్బా సాక్ష్యంగా అక్కడే ఉండిపోయింది.

తిరుగు ఆటోలో మొగుడూ పెళ్ళాం చెరో అంచుకి కూర్చున్నారు. మధ్యలో ఫఖ్రున్నీసా.

"నా శాపాలన్ని వాపస్ తీసుకుంటున్న భాయ్‌సాబ్," అంది కాసేపటికి. "మీరని తెల్వక పెట్టిన."

"నిలబెట్టుకున్నా తప్పు లేదమ్మా," అన్నారాయన.

ఛాయాదేవి రోడ్డు వైపే చూస్తోంది. ఏడుస్తోందో లేదో ఆయనకి కనబడలేదు. అదే ఆయనకి ఎక్కువ భయంగా ఉంది. దుకాణం నిలబడింది, సంతోషమే. ఈ మనిషి ఇక తనతో ఎప్పటికైనా మాట్లాడుతుందా?

ఇంటికొచ్చేసరికి షెడ్డు ముందు పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. హైందవి జుట్టంతా చెదిరి, మొహాన పసుపు పూసుకుని కౌంటర్లో తిప్పలు పడుతోంది. ఛాయాదేవి అటు వెళ్ళలేదు. తిన్నగా వరండాలోకొచ్చి, పట్టుచీరతోనే మెట్టు మీద కూర్చుంది.

"రండి, కూర్చోండి. మీ మాట అక్కడ సగంలో ఆగిపోయింది. మొత్తం చెప్పండి, వింటాను."

హనుమత్ప్రసాద్‌గారు పక్కనే చతికిలబడ్డారు. ఇన్నాళ్ళూ దీనికోసమేగా ఆయన దేవులాడింది. తీరా సమయం వస్తే ఆయనకి తన బాధ ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆవిడ అడిగిన ఆ ప్రశ్నే చెవిలో తిరుగుతోంది.

"ముందు నువ్వు చెప్పు ఛాయా," అన్నారు. "నీది పాత కేసు. వరసలో నీదే ముందు."

ఆవిడ తలెత్తి చూసింది. ఎగతాళి చేస్తున్నారేమోనని చూసింది. ఆయన మొహంలో అది లేదు.

"శ్రీనగర్ కాలనీ బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, గుర్తుందా?" అంది. "హైందవి అప్పుడు చంటిది. ఆ బడి పెద్దాయన బుచ్చిబాబుగారు మన ఇంటికే వచ్చి అడిగారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. కప్పులు పట్టుకుని బయటికొచ్చేసరికి ఆయన లేరు. 'మా ఆవిడకి కుదరదండీ' అని మీరు పంపించేశారు." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "నేను వద్దనేదాన్నేమో అండీ. చంటిపిల్లతో నిజంగానే కుదరదేమో. కానీ నన్ను ఒక్క మాట అడిగారా? పది అడుగుల దూరంలో ఉన్నానుగా!"

ఆయనకి బుచ్చిబాబుగారి మొహం లీలగా గుర్తొచ్చింది. ఆ రోజు ఏ ఫైలు తొందరలో ఉన్నారో గుర్తు లేదు. ఊళ్ళో వాళ్ళెవరినీ అడక్కుండా, వినకుండా ఉత్తర్వు ఇస్తే ఒప్పుకోని మనిషి. తన ఇంట్లో ఒక జీవితాన్ని గుమ్మంలో నిలబడి ఒక్క ముక్కలో కొట్టేశారు.

"అడగలేదు," అన్నారు. కళ్ళజోడు తీసేశారు. కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోలేదు కూడా. "తప్పు నాదే ఛాయా. నిన్ను పిలవాల్సింది."

ఛాయాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. అలా ఏడుస్తూనే మొగుడి చెయ్యి పట్టుకుంది. కౌంటర్ దగ్గర పిల్లలు ఆకలి మర్చిపోయి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఫఖ్రున్నీసా గరిటెతో వాళ్ళని అదిలించింది. "ఏం చూస్తున్రు బే? అక్కా భాయ్‌సాబూ మాట్లాడుకుంటున్రు. కూర నేనిస్త, ఇటు రాండ్రి!"

ఏడుపు కాస్త తగ్గాక ఛాయాదేవి ముక్కు తుడుచుకుంది.

"ఇంకా ఉన్నాయండీ," అంది.

"ఉంటాయి," అన్నారు హనుమత్ప్రసాద్‌గారు, మెట్టు మీద ఇంకాస్త దగ్గరికి జరుగుతూ. "చెప్పు."