కెప్టెన్ గొంతు

"ఆపండి మేడమ్. గొంతు చీలుతోంది."

హెడ్‌ఫోన్స్‌లో ఆ మాట వినగానే ఆమెకు ఒళ్ళు మండింది. అద్దం అవతల కొత్త సౌండ్ ఇంజినీర్. ఉద్యోగంలో చేరి గంట కూడా కాలేదు.

"తొమ్మిదేళ్ళుగా అరుస్తున్నా బాబూ ఇక్కడ. ఎప్పుడూ చీలలేదు."

"చీలింది మేడమ్. మీకు వినపడలేదంతే."

సముద్రపు దొంగల జపాన్ కార్టూన్ సిరీస్, అంటే యానిమేలో, కుర్ర కెప్టెన్‌కి డబ్బింగ్ చెప్పేది ఆమే. వందల ఎపిసోడ్లు. వాడి కేకలు, వెక్కిళ్ళు, కత్తి దూసే ముందు నవ్వే పిచ్చి నవ్వు, అన్నీ ఆమె గొంతులోంచి వచ్చినవే. స్టూడియోలో వాచ్‌మన్ నుంచి డైరెక్టర్ దాకా అందరికీ ఆమె కెప్టెనే.

వారం తిరక్కుండా ఇంజినీర్ కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

"కెప్టెన్ గారూ, టీ?"

"వేడినీళ్ళు. గొంతు చీలుతోందని ఎవరో మహానుభావుడు సెలవిచ్చాడు."

అతను నవ్వాపుకుంటూ ఫ్లాస్క్ తెచ్చేవాడు. టేకుల మధ్య ఆమె చూపు స్క్రీన్ వదిలి అద్దం వైపు వెళ్ళేది. అతను చటుక్కున సౌండ్ మీటర్లలో తలదూర్చేవాడు.

ఇంతలో అదే కథను నటీనటులతో వెబ్ సిరీస్‌గా తీశారు. అందులోనూ కెప్టెన్‌కి ఆమె గొంతే కావాలని కబురొచ్చింది. ఆ సంబరం నాలుగు రోజులు కూడా నిలవలేదు. తుఫాను సీన్‌లో కేక పెడుతుండగా ఉన్నట్టుండి గొంతు మూగబోయింది. స్వరతంత్రుల మీద బుడిపె ఉందన్నాడు డాక్టర్. ఆపరేషన్. ఆపైన ఆరు వారాలు నోరు మెదపకూడదు.

ఆ ఆరు వారాలూ ముసురే. పని అయ్యాక ఇంజినీర్ రోజూ ఆమె ఇంటికి వచ్చి, తడిసిన బూట్లు గుమ్మం దగ్గర విడిచి, ఆమెకు ఎదురుగా కూర్చునేవాడు. మాటకారి కాదు. అయినా స్టూడియో కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె ఫోన్‌లో టైప్ చేసి చూపించేది: 'నీకిన్ని మాటలొచ్చా?'

అతని మాటల్లోంచి 'మీరు' ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

ఏడో వారం వాయిస్ టెస్ట్. ఆమె మైక్ ముందు నిలబడి కెప్టెన్ నవ్వు నవ్వింది. అది బొంగురుగా, బరువుగా వచ్చింది.

"అదిరింది!" అన్నాడు డైరెక్టర్, ఆమె మొహం చూడకుండా. "కాస్త తేడా ఉంటే మెషిన్‌లో సరిచేద్దాం."

ఆమె అద్దం వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. వాడేనా?"

ఇంజినీర్ మీటర్ల మీంచి తలెత్తి ఆమెనే చూశాడు.

"కాదు."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి స్టాండ్‌కి తగిలించి, వానలోకి నడిచి వెళ్ళిపోయింది.

పది రోజులు అతని ఫోన్ ఎత్తలేదు. ఈలోగా యానిమేకీ, సిరీస్‌కీ వేరే అమ్మాయిని తీసుకున్నారు.

"అతని మూలంగానే పోయింది నా కెప్టెన్," అంది అమ్మతో.

అమ్మ బట్టలు మడతపెడుతూ అడిగింది. "అతని సంగతి సరే. ఆ నవ్వు విన్నప్పుడు నీకేమనిపించింది?"

ఆమె గదిలోకి వెళ్ళి, డైరెక్టర్ పంపిన టెస్ట్ రికార్డింగ్ కళ్ళు మూసుకుని వింది. పాత ఎపిసోడ్ ఒకటి వింది. మళ్ళీ టెస్ట్. ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది.

మర్నాడు స్టూడియోకి వెళ్ళేసరికి అతను ఒక్కడే కేబుళ్ళు చుడుతున్నాడు.

"ఒక్క అబద్ధం చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"నీ గొంతు పోయేది. ఆ నవ్వు కోసం మళ్ళీ చించుకునేదానివి." అతని చేతులు ఆగిపోయాయి. "వాడంటే నాకూ ఇష్టమే. కానీ రోజూ మీ ఇంటికి వచ్చింది వాడి కోసం కాదు."

"మరెవరి కోసం?"

"తెలీనట్టు అడక్కు."

"తెలుసు. అయినా నోటితో చెప్పు. నన్ను కూర్చోబెట్టి లోకంలో కబుర్లన్నీ చెప్పావు, ఇదొక్కటి తప్ప."

చెప్పాడు. తడబడుతూ, సగం మింగేస్తూ చెప్పాడు. ఆమె నవ్వలేదు. నేలమీదున్న ఇంకో కేబుల్ తీసుకుని అతని పక్కనే కూర్చుని చుట్టసాగింది.

కొత్తమ్మాయి గొంతుతో మొదటి ఎపిసోడ్ ఓ ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. సోఫాలో అమ్మ, ఆమె, అతను. బయట వాన. తెరమీద కెప్టెన్ నోరు తెరవగానే ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపేయనా?" అన్నాడతను మెల్లగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. కన్నీళ్ళు తుడుచుకోలేదు.

అమ్మ కూతురి మొహం చూసింది. ఆ చేతులనూ చూసింది.

"అల్లుడూ, కాస్త సౌండ్ పెంచు. ఆ పిల్ల ఎలా చెప్తోందో విందాం."

అతను కంగారుగా రిమోట్ కోసం తడుముకున్నాడు.

"బాగానే చెప్తోందమ్మా," అంది ఆమె, తన బొంగురు గొంతుతో.