తొమ్మిదేళ్ళ పెద్దమ్మ

"మీ అమ్మాయి చేతికి ఏమైందో మీకు తెలుసా?"

సోఫా అంచున కూర్చున్న తెల్లావిడ ఆ మాట మెల్లగా, మర్యాదగానే అడిగింది. లూసీ తెల్ల యూనిఫాం వేసుకుని, ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతూ కారు తాళాలు చేతిలోకి తీసుకుందో లేదో తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా పదకొండేళ్ళ కూతురు శాంతి, దాని పక్కన ముక్కూ మొహం తెలియని ఈ మనిషి. పేరు మిసెస్ కోల్‌మన్ అట. పిల్లల బాగోగులు చూసే ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చిందట. స్కూల్లో టీచరే ఫోన్ చేసి పిలిపించిందట!

"చేతికా? ఏమీ కాలేదే..." అంది లూసీ.

మిసెస్ కోల్‌మన్ శాంతి వైపు చూసింది. శాంతి తల వంచుకుని స్వెట్టర్ చెయ్యి నెమ్మదిగా పైకి లాక్కుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా కాలి, బొబ్బలు చితికి, వాటి మీద వంటింట్లో చేతులు తుడుచుకునే కాగితం అతుక్కుపోయి...

"అయ్యో, ప్రభువా!"

లూసీ చేతిలోని తాళాలు జారిపోయాయి. ఆస్పత్రిలో ఎంతమంది కాలిన ఒళ్ళకి కట్లు కట్టిందో ఆమెకే గుర్తులేదు. "లూసీ చెయ్యి పడితే నొప్పే తెలియదు" అంటారు అక్కడి పేషెంట్లు. అలాంటిది, కన్నకూతురు కాలిన చేత్తో ఇన్నాళ్ళూ తన కళ్ళముందే తిరుగుతుంటే తనకు కనబడలేదా! తను తల్లేనా! ఈ సంగతి ముందుగా చూడ్డానికి ఎవరో పరాయి టీచరు కావలసి వచ్చిందా!

"ఎప్పుడే తల్లీ? ఎలా కాలింది? నాకెందుకు చెప్పలేదే?"

"లాస్ట్ ఫ్రైడే మమ్మీ. రైస్ వారుస్తుంటే మూత స్లిప్ అయింది. గంజి పడింది. నువ్వు టైర్డ్‌గా వచ్చావు కదా... చెప్తే నువ్వు డ్యూటీ మానెయ్యాలి. ఇట్స్ ఓకే మమ్మీ. మణి మీద పడలేదు. మణిని నేను ముందే దూరంగా కూర్చోపెట్టాను."

చివరి మాటలు ఎంత గర్వంగా చెప్పిందో ఆ పిల్ల! నాలుగేళ్ళ చెల్లెలు మణి ఏమీ తెలియక, అక్క మోకాలు పట్టుకుని వేలాడుతోంది.

మిసెస్ కోల్‌మన్ ప్రశ్నలు ఆగలేదు. మీరు డ్యూటీకి వెళ్ళాక ఇంట్లో ఎవరుంటారు? తండ్రి ఎప్పుడొస్తారు? ఆయన వచ్చేదాకా చిన్నపాపను చూసేదెవరు? వంట చేసేదెవరు? ఒక్కోదానికి జవాబు చెబుతుంటే లూసీకి ముందు భయం వేసింది, తర్వాత ఉక్రోషం పొడుచుకొచ్చింది.

"శాంతే చూస్తుంది! మా దేశంలో పదకొండేళ్ళ ఆడపిల్లంటే ఇల్లు చూసుకునే పిల్లే. మా అమ్మ పోయేసరికి మా అక్కకి తొమ్మిదేళ్ళు. నన్నూ మా అన్నయ్యనీ పెంచింది అదే. అందుకు మా ఇంటికి ఏ ఆఫీసరూ రాలేదు. ఊరంతా దాన్ని మెచ్చుకుంది!"

"కావచ్చు" అంది మిసెస్ కోల్‌మన్. "ఇక్కడ మాత్రం ఈ అమ్మాయి ఇంకా చిన్నపిల్లే. మళ్ళీ వస్తాను. అప్పటిదాకా పిల్లలు పెద్దవాళ్ళు లేకుండా ఇంట్లో ఉండకూడదు. ఉన్నట్టు తెలిస్తే వాళ్ళని కొంతకాలం వేరే ఇంట్లో పెట్టక తప్పదు."

వేరే ఇంట్లో... తన పిల్లలు... ఎవరో తెలియనివాళ్ళ ఇంట్లో! ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆ మాట గోడలకు తగిలి తిరిగొస్తున్నట్టే ఉంది. ఆస్పత్రికి ఫోన్ చేసి రాలేనని చెప్పి, లూసీ నేల మీద కూర్చుని కూతురి చేతికి అంటుకున్న కాగితాన్ని నీళ్ళతో తడిపి తడిపి ఊడదీసింది. శాంతి పళ్ళు బిగపట్టింది కానీ కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దం తల్లి గుండెను కోసేసింది. ఏడిస్తే బాగుండేది!

భర్త దేవకుమార్ మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. సాయంత్రం ఇంటికి వచ్చి సంగతి వింటూనే నిప్పులు తొక్కినట్టు లేచాడు.

"నీ డ్యూటీల మూలాన చూడు! రేపు పిల్లల్ని లాక్కుపోతే చర్చిలో నలుగురికీ మొహం ఎలా చూపిస్తాం?"

"నా డ్యూటీలా? ఎలక్ట్రిక్ కుక్కర్ కొందామంటే వద్దన్నదెవరండీ? వార్చిన అన్నం తప్ప గొంతు దిగదన్నదెవరు? వచ్చేసరికి వేడివేడిగా ఉండాలన్నదెవరు?"

అప్పుడే శాంతి వంటింటి గుమ్మంలోకి వచ్చి, "డాడీ, ప్లీజ్ డోంట్ ఫైట్. ఇంకెప్పుడూ పడకుండా వారుస్తాను..." అంది. దేవకుమార్ కూతురి చేతికి లూసీ కట్టిన కట్టు వైపు చూశాడు. తర్వాత ఎవరి మొహమూ చూడలేక బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఇద్దరి జీతాలూ లేకపోతే అమెరికాలో సంసారం సాగదు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పెద్దదిక్కు కావాలి. ఎవరున్నారు? లూసీకి తోచిన పేరు ఒక్కటే. చిన్నప్పటినుంచీ ఏ ఆపద వచ్చినా తోచే పేరు అదొక్కటే.

అక్క సువార్తమ్మ!

అదృష్టం కొద్దీ అక్క అమెరికాలోనే ఉంది. క్లీవ్‌లాండ్‌లో ఉన్న అన్నయ్య జోసఫ్, తన భార్యకు పురుడని ఆరు నెలల వీసా మీద రప్పించాడు. ఫోన్‌లో లూసీ భోరుమనగానే, "ఏడవమాకే లూసమ్మా, నేనొత్తన్నాగా" అంది సువార్తమ్మ. ఆ వారంలోనే నేత చీర మీద జోసఫ్ పాత కోటు తొడుక్కుని విమానం దిగింది. నలభై అయిదైనా నిండని ఆ మనిషికి అరవై ఏళ్ళ నడక! దిగిన గంటకల్లా కొంగు దోపుకుని గిన్నెల దగ్గర నిలబడింది.

బాపట్లలో వాళ్ళ నాన్న రైలుపట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్. పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. తల్లి కాన్పులో బిడ్డతో సహా కన్నుమూసేనాటికి లూసీకి రెండేళ్ళు, జోసఫ్‌కి అయిదు. మూడో తరగతి చదువుతున్న సువార్తని బడి మానిపించారు. అంతే! ఆ రోజునుంచి ఆ ఇంటికి ఆమే అమ్మ. లూసీని మిషన్ బడికి పంపింది ఆమె. గుంటూరులో నర్సింగులో చేర్పించింది ఆమె. వచ్చిన సంబంధాలన్నీ "వీళ్ళు స్థిరపడనీ" అంటూ వెనక్కి పంపి, చివరికి తను ఒంటరిగా మిగిలిపోయింది. ఈ కథనంతా లూసీ కూతురికి ఎన్నిసార్లు చెప్పిందో! "నువ్వు కూడా పెద్దమ్మలా ఉండాలి తల్లీ..." అని చెప్పి చెప్పి ముద్దుపెట్టుకునేది.

ఇప్పుడు ఆ పెద్దమ్మ ఎదురుగా ఉంది. శాంతి ఆమెని కళ్ళార్పకుండా చూసేది. సువార్తమ్మ కూడా శాంతిని చూసేది. అన్నానికి కూర్చుంటే ఆ పిల్ల ముందు చెల్లెలి కంచం కలిపి, ముద్దలు పెట్టి, మూతి తుడిచి, తర్వాత నిలబడే తన రెండు ముద్దలు మింగడం చూసింది. పక్క గదిలో మణి తుమ్మినా చదువుతున్న పుస్తకం పడేసి పరిగెత్తడం చూసింది. చూసి మొహం తిప్పుకునేది.

మిసెస్ కోల్‌మన్ రావలసిన రోజు దగ్గరపడుతున్నకొద్దీ లూసీకి అన్నం సయించలేదు. "అక్కా, ఆవిడ నిన్ను అడుగుతుంది. ఉన్నదున్నట్టు చెప్పు. తొమ్మిదేళ్ళకే ఇల్లు నడిపావని, నీకేం కాలేదని, మన పిల్లలు అలాగే పెరుగుతారని చెప్పు. నేను ఇంగ్లీషులో చెబుతాను ఆవిడకి" అంది.

సువార్తమ్మ బియ్యంలో రాళ్ళు లేకపోయినా చేటలో పోసి ఏరుతూనే ఉంది. "ఉన్నదున్నట్టేనా?" అంది.

"ఉన్నదున్నట్టే అక్కా!"

మిసెస్ కోల్‌మన్ వచ్చింది. దేవకుమార్ సెలవు పెట్టి, టై కట్టుకుని, కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నాడు. శాంతి మణిని ఒళ్ళో పెట్టుకుని మేడమెట్ల మీద కూర్చుంది. లూసీ తన అక్క గొప్పతనమంతా ఏకరువు పెట్టి, "కావాలంటే ఆవిడనే అడగండి!" అంది ఆవేశంగా.

మిసెస్ కోల్‌మన్ సువార్తమ్మ వైపు తిరిగింది. "తొమ్మిదేళ్ళప్పుడు మీకు ఎలా ఉండేదమ్మా?" అని అడిగింది.

లూసీ తెలుగులో చెప్పింది. సువార్తమ్మ, ఈ ప్రశ్న తననెవరూ ఎప్పుడూ అడగనట్టు ఆ తెల్లావిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది...

"బయ్యం" అంది చివరికి. "బయ్యంగా ఉండేదమ్మా. పొయ్యి అంటించాలంటే బయ్యం. నాన్న రావడం ఆలీసమైతే బయ్యం. చంటిది గుక్కపట్టి ఏడిస్తే, చచ్చిపోద్దేమోనని బయ్యం. అమ్మలాగే ఇదీ పోతే, నేనే చంపానంటారని బయ్యం..."

లూసీ మొదటి మాటలు ఇంగ్లీషులో చెప్పింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఆ చంటిది తనే!

"అక్కా... నువ్వు ఎప్పుడూ..."

"నువ్వడిగావా లూసమ్మా? ఎవరన్నా అడిగారా? అందరూ 'బంగారు తల్లి, పెద్ద ఆరిందా' అన్నారు. అంటే ఇంక ఏడవటానికి లేదు. నేను పెద్దదాన్ని కాలేదే... నేనూ చిన్నపిల్లనే. చూడ్డానికి ఎవరూ రాలేదంతే! ఇట్టాంటి మనిషి ఒకరు ఆనాడు మన గడపలోకొచ్చి, 'ఈ పిల్ల చేతికేమైంది?' అని అడిగుంటే... కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని..."

మిసెస్ కోల్‌మన్ ఎవరైనా చెబుతారేమోనని అటూ ఇటూ చూసింది. లూసీ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అప్పుడు మెట్ల మీదనుంచి సన్నని గొంతు వినబడింది. శాంతి! అమెరికా పిల్లల యాసలో, తడుముకుంటూ, పెద్దమ్మ మాటల్ని ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మార్చి చెబుతోంది.

"నాకు భయంగా ఉండేది... స్టవ్ అంటించాలంటే భయం... డాడీ లేటైతే భయం... బేబీ ఏడుపు ఆపకపోతే చచ్చిపోతుందేమోనని భయం... అందరూ గుడ్ గర్ల్ అనేవాళ్ళు... అందుకని ఏడవలేకపోయాను..."

అది ఎవరి మాటలు ఎవరు చెప్పడమో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు! చెయ్యి కాలినప్పుడు ఏడవని పిల్ల, అంటుకున్న కాగితం ఊడదీసినప్పుడు ఏడవని పిల్ల, చెబుతూ చెబుతూ చెల్లెల్ని గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చేసింది. లూసీ పరుగున వెళ్ళి ఇద్దరినీ కలిపి గుండెలకు హత్తుకుంది. "నన్ను క్షమించు తల్లీ... నాకు కనబడలేదు తల్లీ..." అంటూ తనూ ఏడ్చింది. దేవకుమార్ కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక, టై ఊడదీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పిల్లల్ని తీసుకుపోతారా?" అని అడిగాడు బొంగురుగా.

మిసెస్ కోల్‌మన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "తీసుకుపోవాలని రాలేదు. సాయంత్రాలు వాళ్ళతో ఎవరుంటారో చెప్పండి, చాలు."

"అక్క ఉంటుంది" అనబోయింది లూసీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ అక్కేనా? వయసొచ్చినా, సముద్రాలు దాటినా మళ్ళీ అక్క నెత్తి మీదేనా!

"నేనుంటాను" అంది.

ఆ వసంతంలో ఆమెని హెడ్‌నర్సుని చేస్తామన్నారు, సాయంత్రపు షిఫ్టులోనే. లూసీ వద్దని చెప్పి, మణిని నర్సరీ బడిలో వేసి, వారానికి మూడురోజులు పొద్దుటి డ్యూటీ అడిగి తీసుకుంది. చర్చిలో ఆడవాళ్ళు "పిచ్చిదానివా!" అన్నారు. మరుసటి ఆదివారం దేవకుమార్ ఎలక్ట్రిక్ కుక్కర్ కొనుక్కొచ్చి, నీళ్ళెక్కువై సంకటైపోయిన అన్నాన్ని కిమ్మనకుండా తిన్నాడు. తర్వాత కొన్నాళ్ళు మిసెస్ కోల్‌మన్ వచ్చి చూసి వెళ్ళింది. ఆ తర్వాత రావడం మానేసింది.

అయినా అంతా ఒక్కరోజులో మారిపోలేదు. స్కూలు నుంచి వస్తూనే శాంతి మణి పాలకోసం ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తేది. "నేనిచ్చానమ్మా, నువ్వెళ్ళి ఆడుకో" అంటే, "దెన్ వాట్ డు ఐ డు?" అని ఖాళీ చేతులతో నిలబడిపోయేది. కొన్నిసార్లు విసుక్కునేది కూడా, తన ఉద్యోగం ఎవరో లాక్కున్నట్టు.

సువార్తమ్మ తిరుగు ప్రయాణానికి ముందు ఒకరోజు మంచి ఎండ కాసింది. లూసీ అక్క జడ అల్లుతూ, ఇన్నాళ్ళూ గొంతులో కొట్టుకుంటున్న మాట అనేసింది. "అక్కా... నీ చిన్నతనమంతా నేనే తినేశాను కదూ?"

"ఛ! ఊరుకోవే. రెండేళ్ళదానివి, నీకేం తెలుసు?" అంది సువార్తమ్మ. "నిన్ను చూసి ఒక్కరోజూ కుళ్ళుకోలేదే. నువ్వాడుకునేదానివి. నేను గోడమీంచి చూసేదాన్ని. అంతే."

శాంతి ఆ మాట విన్నట్టుంది. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. అపార్ట్‌మెంట్ ముందు కార్లు లేని చోట సుద్దముక్క ఇచ్చి, "పెద్దమ్మా, చిన్నప్పుడు అమ్మ ఆడిన గేమ్ నాకు నేర్పించు" అంది. సువార్తమ్మ సిగ్గుపడుతూ వంగి తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసింది. గళ్ళు వంకరటింకరగా వచ్చాయి. బిళ్ళ వేసి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఒంటికాలి మీద ఎగరబోయి, రెండో గడిలోనే తూలి గీత మీద నిలబడిపోయింది. ఎటు తిరగాలో, ఏ కాలు దించాలో తెలియలేదు. మణి కిలకిలా నవ్వింది.

కిటికీలోంచి చూస్తున్న లూసీ చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తింది. చెంపల మీద కన్నీళ్ళు కారుతుండగానే అక్క నడుం పట్టుకుని నిలబెట్టింది.

"అలా కాదక్కా... ఎడమకాలు ఎత్తు. నేను పట్టుకున్నానుగా, పడవు. ఊఁ, ఎగురు!"