ఎనిమిది వందల అడుగుల ఎత్తున

"రూయీది ప్రమాదం కాదు," అంది కర్నల్ గ్రాసా, కాఫీలో చక్కెర కలుపుతూ. "విమానం కూలకముందే అతని మెడ విరిగింది."

ఎదురుగా కూర్చున్న అదిల్సన్ సెమేదు రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు. యూరప్ కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోసం కేప్‌వెర్ద్ దీవుల నుంచి పోర్చుగల్ వచ్చి పది నెలలైంది. పదమూడు పరీక్షలు గట్టెక్కాడు. రెండు నెలల కిందట గ్రాసా నడిపే లిస్బన్ గూఢచారి శాఖ అతన్నీ, తోటి విద్యార్థి రూయీనీ తనలో చేర్చుకుంది. ఇప్పుడు మిగిలింది తనొక్కడే.

"ఇవాళ పదకొండింటికి వైమానిక స్థావరంలో కొత్త రాడార్ ఆన్ చేస్తారు. మీ శిక్షణ విమానాలు ఆ పక్కనుంచే పోతాయి. వాటిల్లో ఒకదాంట్లోంచి రాడార్ సంకేతాలు దొంగిలించాలని ఒక విదేశీ ముఠా ప్లాన్."

"మరి నేనేం చెయ్యాలి?"

"మీ ఇన్‌స్ట్రక్టర్ ఇరేనా ఆ ముఠాలో మనిషిలా నటిస్తున్న మన ఏజెంట్. 'కొంగలు తొందరగా వచ్చాయి' అంటుంది. 'చలి తగ్గింది కదా' అను. తర్వాత ఆమె చెప్పినట్టు చెయ్యి."

"మేడమ్, నాకు భయంగా ఉంది."

"మంచిదే. భయం లేనివాడు చెక్‌లిస్టు చదవడు."

పదిన్నరకి అదిల్సన్ ల్యాండింగ్ పరీక్షకని విమానం లేచింది. పక్క సీట్లో ఎర్రటి లిప్‌స్టిక్, నల్లకళ్లద్దాలు. స్కూల్లో సగంమంది ఇరేనా కోసమే పాఠాలకి టైముకొస్తారు.

"కొంగలు తొందరగా వచ్చాయి," అందామె.

"చలి తగ్గింది కదా." అతనికి ఊపిరి తేలికైంది.

"ఎడమకి తిప్పు. ఎనిమిది వందల అడుగులకి దిగు."

దిగాడు. ఆమె బ్యాగులోంచి బూడిదరంగు పెట్టె తీసి ఒళ్లో పెట్టుకుని స్విచ్ నొక్కింది. పచ్చలైటు వెలిగింది.

"ఈ సంకేతాల దొంగతనాన్ని మనం ఆపాలి కదా?"

"రూయీ కూడా ఇదే అడిగాడు." పక్కటెముకలకి చల్లగా పిస్టల్ తగిలింది. "నోర్మూసుకుని తిన్నగా నడుపు, బాబూ."

అదిల్సన్ తిన్నగా నడిపాడు. ఎదురుగా స్థావరంలో రాడార్ మీది తెల్లటి గోపురం పెద్దదవుతోంది. పది యాభై తొమ్మిది. పని కాగానే తనని బతకనివ్వదు.

కళ్లు మూసుకుని ఇంజన్ తాళంచెవి తిప్పి లాగాడు. చిన్న కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

ఒక్కసారిగా నిశ్శబ్దం. గాలి చప్పుడొక్కటే.

"పిచ్చి వెధవా! ఏం చేశావ్?"

"కాల్చు!" అతని గొంతు కీచుమంది. "ఇంజన్ లేకుండా దింపడం నాకు రాదు. ఒక చేత్తో నీకూ రాదు!"

నేల మీదికొస్తోంది. ఇరేనా పళ్లు కొరికి, పిస్టల్ పడేసి రెండు చేతులా కంట్రోల్ అందుకుంది. అతను పిస్టల్ తీసుకుని పెట్టె తీగ పట్టి తెంపాడు. పచ్చలైటు ఆరింది. పదకొండుకి ఇంకా నాలుగు సెకన్లు.

కోసిన గోధుమ చేలో గొర్రెలు చెదిరిపోయాయి. చక్రాలు నేలని ముద్దాడినట్టు తాకాయి. విమానం ఆగాక అదిల్సన్ పిస్టల్ ఆమెకి గురిపెట్టాడు.

పోలీసుల కంటే ముందు జీపులో వచ్చినవాడు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ బల్తజార్. చక్రాల గుర్తులు వంగి చూశాడు.

"ఇంజన్ లేకుండా ఎంత మెత్తగా దించావయ్యా!"

"నేను కాదు సార్. ఆవిడ."

ముసలాయన పిస్టల్ వంకా, ఆవిడ వంకా చూసి, పెన్ను మూత తీశాడు.

"అయితే నువ్వు ఫెయిల్. బుధవారం మళ్లీ రా."