మూడో నంబరు గదిలో తట్టేదెవరు?

ఆ కోల్డ్ స్టోరేజీలో మొత్తం ఐదు గదులు. నాలుగు గదుల గురించి అక్కడ పనిచేసేవాళ్ళలో ఎవర్నడిగినా, ఎన్ని ఆపిల్ పెట్టెలు పడతాయో, ఎంత చలి ఉంచుతారో గడగడా చెప్పేస్తారు. మూడో నంబరు గది గురించి అడిగితే మాత్రం… ముందు ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు.

చీకటి పడ్డాక ఆ గదిలోంచి ఎవరో తలుపు తడతారట!

బయట గడియ వేసే ఉంటుంది. లోపల మనిషనేవాడు ఉండడు. సాయంత్రం అందరూ బయటికొచ్చారో లేదో తలలు లెక్కపెట్టి మరీ గేటు పెద్దాయన గడియ వేస్తాడు. అయినా వినిపిస్తుంది. టక్ టక్… కాస్త ఆగి… టక్.

మొదట విన్నది ఓ లారీ డ్రైవరు. ఎలుకలేమో అనుకున్నాడు. రెండోసారి హమాలీలు విన్నారు. వాళ్ళు ఎలుకలనుకోలేదు. మోస్తున్న పెట్టెలు ఎక్కడివక్కడ పడేసి గేటు దాకా ఒకటే పరుగు. ఎందుకంటే ఆ తట్టుడు ఎవరిదో వాళ్ళకి తెలుసు.

అది మేస్త్రీ తట్టుడు.

మేస్త్రీ చనిపోయి అప్పటికి పద్దెనిమిది రోజులు.

పెట్టెలు పేర్పించే ఆ మేస్త్రీని అందరూ కబుర్ల మేస్త్రీ అనేవారు. ఆయన నోరు మూసుకున్నాడంటే ఒంట్లో బాగాలేదని అర్థం. మూడో గది తలుపుకి లోపలివైపు పిడి ఊడిపోయి చాలాకాలమైంది. లోపలున్నవాడు బయటపడాలంటే తట్టాలి, బయటున్నవాడు తీయాలి. అందరూ దబదబా బాదేవారు. మేస్త్రీ మాత్రం రెండు కొట్టి, ఆగి, ఒకటి కొట్టేవాడు. ఇంటి తలుపైనా అంతే, ఆపరేటరు గది అద్దమైనా అంతే. “వచ్చింది నేనని తెలియకపోతే, ఇక నేనొచ్చి ఏం లాభం?” అనేవాడు.

ఆపరేటరంటే అక్కడ కంప్రెసర్లు నడిపే మనిషి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. పది ప్రశ్నలడిగితే ఒక్కదానికి జవాబు చెబుతాడు. అతనూ మేస్త్రీ ఒకేరోజు పనిలో చేరారు. పదిహేడేళ్ళు కలిసి రాత్రి డ్యూటీ చేశారు. ఏ చుట్టరికమూ లేకపోయినా ఒకర్నొకరు “బావా” అనుకునేవారు. ఒకడికి మాట్లాడ్డం ఇష్టం, ఒకడికి వినడం ఇష్టం. ఇద్దరికీ సరిపోయింది.

ఆ రోజు రాత్రి పది గంటలకి మేస్త్రీ మూడో గదిలోకి వెళ్ళాడు. పావుగంటలో రావాల్సినవాడు రాలేదు. తట్టనూ లేదు. హమాలీ ఒకడు వెళ్ళి చూస్తే, పెట్టెల వరసకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని భుజం పట్టి కదిపాడట… మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ఏ జబ్బూ లేదు, ఏ మందూ వాడేవాడు కాదు. నలభై నాలుగేళ్ళు.

ఆపరేటరు ఏడవలేదు. వారం సెలవు పెట్టాడు. తర్వాత పగటి డ్యూటీకి మారిపోయాడు. తన గది అద్దం వైపు వీపు పెట్టి కూర్చునేవాడు.

మూడో గది సంగతి చెవిన పడినప్పుడు అందరికీ భయం వేసింది. అతనికి మాత్రం కోపం వచ్చింది!

“లారీ డ్రైవరుకి వినిపించాడు. నిన్నగాక మొన్న చేరిన హమాలీలకి వినిపించాడు. నాకు వినిపించడా?”

లోలోపల దానికి జవాబు కూడా అతనికి తెలుసు. ఆ జవాబు అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

ఆ రాత్రి గదిలోకి వెళ్ళేముందు మేస్త్రీ అద్దం తట్టి లోపలికొచ్చాడు. ఛాతీ రుద్దుకుంటూ అన్నాడు: “బావా, ఇక్కడేదో మంటగా ఉందిరా.” ఆపరేటరు మీటరు మీంచి కళ్ళు కూడా ఎత్తలేదు. “గ్యాసు. నీ కబుర్లన్నీ అరక్క లోపలే ఉండిపోయాయి” అన్నాడు. అంతే. అదే తనన్న ఆఖరి మాట. కూర్చోబెట్టి నీళ్ళిచ్చి ఉంటే… ఆటో పిలిచి ఉంటే… ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీ భార్య ముందైతే తలెత్తి నిలబడనే లేదు. పలకరించడానికి వెళ్ళినవాడు గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా తిరిగొచ్చేశాడు.

“మళ్ళీ రాత్రి డ్యూటీ అడిగావంటగా?” అంది అతని భార్య. “అందరూ ఆ చోటు చూస్తేనే పారిపోతుంటే నీకేం పోయేకాలం?”

“వాడితో పనుంది” అన్నాడు.

ఆవిడ లోపలికెళ్ళింది. ఉన్నిటోపీ తెచ్చి చేతిలో పెట్టింది.

మొదటి రాత్రి ఆపరేటరు మూడో గది ఎదురుగా ఓ ఖాళీ పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. గేటు పెద్దాయన లాంతరులా లైటు ఊపుకుంటూ వచ్చాడు.

“ఇక్కడెందుకు నాయనా కూర్చున్నావు? లే… లే.”

“ఒకసారి విని పోతాను బాబాయ్.”

“వినేదేముంది? పోయినవాణ్ణి పోనివ్వాలి. నువ్విలా కాపు కాస్తే వాడెలా వస్తాడు?” అన్నాడు పెద్దాయన. ఆయన గొంతులో ఏదో తొట్రుపాటు.

అది నిజమే అయింది. నాలుగు రాత్రులు కూర్చున్నాడు. ఏమీ లేదు. తలుపు చల్లగా, తెల్లగా, మూగగా ఉండిపోయింది. ఐదోరోజు పెట్టె తీసి పక్కన పడేసి తన గదికి వెళ్ళిపోయాడు. ‘వాడికి నా మీద కోపం. రాడు’ అనుకున్నాడు. కంప్రెసర్ల మోతలో ఇక ఏ చప్పుడూ వినిపించే పని లేదు.

ఆ తర్వాత వారానికి…

రాత్రి పదకొండు దాటింది. యార్డులో ఒకే ఒక్క లారీ. ఉన్నట్టుండి గేటు దగ్గర కేకలు. ఆపరేటరు పరుగెత్తుకెళ్ళేసరికి పెద్దాయన తన కుర్చీ పక్కన నేలమీద పడి ఉన్నాడు. కళ్ళు తేలేశాడు. ఒళ్ళంతా చెమట.

“బాబాయ్! బాబాయ్!”

పెదాలు కదిలాయి. “మూడు… తలుపు… మూడు…”

హమాలీల మొహాల్లో నెత్తురు లేదు. “చూశావా అన్నా? దాని దెబ్బే ఇది! గది నంబరు కూడా చెబుతున్నాడు” అన్నాడొకడు గుసగుసగా. పెద్దాయన్ని లారీ క్యాబిన్‌లోకి ఎక్కించారు. ఒకరికి ఇద్దరు పట్టుకోవాలి కాబట్టి ఉన్న ముగ్గురు హమాలీలూ ఎక్కారు. నిజానికి అక్కడ మిగలడానికి ఒక్కడికీ గుండె లేదు. కంప్రెసర్లు వదిలి వెళ్ళకూడదు కాబట్టి ఆపరేటరు ఉండిపోయాడు.

లారీ ఎర్రలైట్లు మలుపు తిరిగాయి. అంత పెద్ద ఆవరణలో అతనొక్కడే.

గేటు మూసి, గదుల ముందు నడవాలోంచి వెనక్కి నడుస్తున్నాడు. అప్పుడే చలి సరిపోయి కంప్రెసరు దానంతటదే ఆగింది. ఆ మోతకి అలవాటైన చెవులకి నిశ్శబ్దం గుయ్యిమంది.

టక్ టక్…

కాలు నేలకి అతుక్కుపోయింది.

… టక్.

మూడో గది. అదే. పొరపాటేమీ లేదు. ఇన్ని రాత్రులు ఏ చప్పుడు కోసం చెవులు రిక్కించాడో, అదే చప్పుడు. తీరా వినిపించేసరికి… ఉన్నిటోపీ కింద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పరుగెత్తాలనిపించింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళాడు.

“బావా…” అన్నాడు. “బావా… నువ్వేనా?”

జానెడు మందం తలుపు. చెవి ఆనించాడు. చెంప జివ్వుమంది.

టక్… టక్…

ఈసారి ఇంకా నెమ్మది. ఎక్కడో కిందనుంచి, నేలకి దగ్గరగా. చేతిలో బలం లేనివాడు కొడుతున్నట్టు. మూడోదాని కోసం ఎదురుచూశాడు. ఊపిరి బిగపట్టి ఎదురుచూశాడు.

మూడోది రాలేదు.

వెళ్ళిపోతున్నాడు! దెయ్యం బయటికొస్తుందన్న భయం ఎటుపోయిందో తెలీదు. వాడు మళ్ళీ వెళ్ళిపోతాడన్న భయం దాన్ని మింగేసింది. ఒకసారి పోయినప్పుడు పక్కగదిలో ఉండి కూడా ఏమీ చేయలేదు. ఈసారి కూడానా?

గడియ రెండు చేతుల్తో పట్టుకుని ఎత్తాడు. బలమంతా పెట్టి తలుపు లాగాడు.

తెల్లటి చలిపొగ కాళ్ళమీదుగా దొర్లుకుంటూ వచ్చింది. లోపల గుడ్డిదీపం. పెట్టెల వరసలు. గుమ్మం దగ్గర…

నీలం కోటు.

మోచేతి దగ్గర చిరిగితే ఎర్రదారంతో కుట్టిన కోటు. ఎర్రదారం తప్ప వేరే దొరకలేదా అని తనే ఎన్నోసార్లు వెక్కిరించిన మేస్త్రీ కోటు! తలమీద టోపీ కప్పుకుని, ముడుచుకుని, తలుపుకి ఆనుకుని కూర్చుంది. తలుపు తెరుచుకోగానే ఆ ఆధారం పోయి… మెల్లగా… అతని కాళ్ళమీదికి ఒరిగిపోయింది.

ఆపరేటరు తూలి తలుపు పట్టుకున్నాడు.

కోటు టోపీ జారింది. లోపల పొడుగాటి జుట్టు. నీలం తిరిగిన పెదాలు. ఆ పెదాలు కదిలాయి.

“బాబాయ్… ఇంతసేపా…”

మేస్త్రీ భార్య!

ఆమెని ఎలా ఎత్తాడో, కంప్రెసర్ల గదికి ఎలా చేర్చాడో అతనికి గుర్తులేదు. మోటారు పక్కన వెచ్చగా ఉన్నచోట కూర్చోబెట్టాడు. తన కోటూ, టోపీ, మూలనున్న గోనెలూ అన్నీ కప్పాడు. ఫ్లాస్కులో టీ పోసి, గ్లాసు ఆమె పట్టుకోలేకపోతుంటే తనే పట్టుకుని తాగించాడు. చాలాసేపటికి ఆమె పళ్ళు కొట్టుకోవడం ఆగింది.

“బాబాయేడి అన్నయ్యా?” అంది ముందుగా.

ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పాడు. అప్పుడు అర్థమైంది, ఆ ముసలాయన ‘మూడు… తలుపు…’ అంటూ దేనికోసం తపించాడో!

ఆమె తల దించుకుంది. “ఆయన్నేమీ అనకండి. నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను. మా ఆయన చివర్లో కూర్చున్నచోట ఒక్కసారి కూర్చుంటానన్నాను. ఒక్కసారి కాస్తా… ఆగలేకపోయాను. వారానికి రెండుసార్లు, పావుగంట. తలుపు తెరిచి ఉంచితే మీ గదిలో గంట మోగుతుందట కదా, అందుకని బాబాయ్ గడియ వేసేవాడు. మా ఆయన తట్టినట్టు తడితే నేనని తెలుసుకుని తీసేవాడు. ఎవరైనా వింటే, దెయ్యమని చెప్పి పంపించేసేవాడు. మీరు ఎదురుగా కూర్చున్నన్నాళ్ళూ రావొద్దన్నాడు.”

ఆపరేటరు జారిన గోనె తీసి మళ్ళీ ఆమె భుజాలమీద కప్పాడు.

“అక్కడ కూర్చుని ఏం చేస్తానో తెలుసా అన్నయ్యా? క్షమించమని అడుగుతాను.” ఆమె కోటు చేతిమీది ఎర్రదారాన్ని వేలితో తడిమింది. “ఆ రోజు డ్యూటీకి బయల్దేరుతూ ఛాతీలో మంటగా ఉందన్నాడు. నేను బట్టలు మడతపెడుతున్నాను. సోడా తాగి పోవయ్యా, డ్యూటీ ఎగ్గొట్టడానికి వంకలు… అన్నాను. నేనే పంపాను. తలుపు దాకా కూడా రాలేదు. ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు.”

చెప్పకుండా ఉండొచ్చు. ఆ క్షణంలో ఆపరేటరుకి అదే తోచింది. తను నోరు విప్పకపోతే ఆ తప్పంతా ఈమెదే అయిపోతుంది. తనవైపు ఎవరూ వేలెత్తి చూపరు. అతను గ్లాసు కింద పెట్టాడు.

“నాతోనూ చెప్పాడమ్మా” అన్నాడు.

ఆమె తలెత్తింది.

“నువ్వు ఇంట్లో ఉన్నావు. నేను ఇక్కడే ఉన్నాను. నా ఎదురుగా నిలబడి చెప్పాడు. గ్యాసన్నాను. నీ కబుర్లు అరగలేదన్నాను. నవ్వాను కూడా.”

ఆమె అతనివైపే చూస్తోంది. తిడుతుందనుకున్నాడు. లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఏం చేసినా పడాలనుకుని కదలకుండా నిలబడ్డాడు.

“నవ్వారా?” అంది.

“నవ్వాను.”

“మరి… ఆయన?”

ఆపరేటరు ఆగాడు. ఇన్నాళ్ళూ తను ఏమన్నాడో అదే తవ్వుకున్నాడు తప్ప, ఆ తర్వాత ఏం జరిగిందో ఒక్కసారైనా గుర్తుచేసుకోలేదు. ఇప్పుడు చూస్తే కళ్ళకి కట్టినట్టుంది.

“వాడూ నవ్వాడమ్మా. పగలబడి నవ్వాడు. ‘రేపు నీ మౌనం అరక్క నువ్వు పోతావు, అప్పుడు చెబుతా నీ సంగతి’ అన్నాడు. గుమ్మం దాటాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. నాకిక్కడికి వినిపిస్తూనే ఉంది…”

ఇన్ని రోజుల్లో మొదటిసారి అతనికి ఏడుపొచ్చింది. మోకాళ్ళమీద కూలబడి, మొహం గోనెలో దాచుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మేస్త్రీ భార్య చెయ్యి చాపి అతని భుజం పట్టుకుంది. చలి ఇంకా వదలని ఆ వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి.

“మళ్ళీ చెప్పండి అన్నయ్యా” అంది. “నవ్వాడన్నారే… అక్కణ్ణించి చెప్పండి.”