ముప్పై ఒకటో స్టార్టు

క్లిప్పు ఊడడం లేదు!

హిల్కా వేళ్ళు కొయ్యబారిపోయాయి. మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. చేతి తొడుగు పళ్ళతో పట్టుకుని, ఎర్ర కారు బానెట్ కింద తల దూర్చి, డిస్ట్రిబ్యూటర్ క్లిప్పుని గోళ్ళతో పీకుతోంది.

మధ్యాహ్నం మూడున్నర... అప్పుడే చీకటి. జనవరిలో ఈ ఊళ్ళో సూర్యుడు మొహమాటానికి వచ్చి పోతాడు.

వెనక బూట్ల చప్పుడు.

మంచు మీద... దగ్గరగా... ఇంకా దగ్గరగా!

"అత్తా! దాన్ని ముట్టుకోకు!"

యార్కో. ఆమె కూతురు సైలాని చేసుకోబోయేవాడు. ఈ రేసు కారు అతనిదే. ఒక్క నిమిషం కిందటి దాకా అతనిదే.

టక్!

క్లిప్పు ఊడుతుంది. హిల్కా క్యాప్‌ని పక్కకి నెడుతుంది. లోపల రోటర్... బొటనవేలంత ముక్క. లాగేస్తుంది. గుప్పిట్లో బిగిస్తుంది.

యార్కో ఆమె వైపు చూడనైనా చూడడు. అద్దం లేని కిటికీలోంచి లోపలికి దూకుతాడు. రేసు కారుకి తాళంచెవి ఉండదు. బటన్ ఒక్కటే. నొక్కుతాడు.

గర్ర్... గర్ర్... గర్ర్...

అందుకోదు.

మళ్ళీ!

గర్ర్... గర్ర్...

"అందుకోదురా!" హిల్కా గుప్పిట పైకెత్తుతుంది. "ప్లగ్గులకి నిప్పు పంచేది నా చేతిలో ఉంది. రాత్రంతా నొక్కినా అంతే!"

ఇది జనం రేసు. పాత చిన్న కార్లు, సొంత షెడ్లలో సొంత చేతులతో తయారుచేసుకున్నవి. దీనికొక రూలుంది. ఫైనల్ అయ్యాక లైసెన్సు ఉన్న ఎవరైనా ఏ కారునైనా కొంటానని చీటీ వేయొచ్చు. ధర ముందే ఖాయం, రెండు వేల యూరోలు. కారు ఎంత గొప్పదైనా సరే. ఇద్దరు ముగ్గురు అడిగితే లాటరీ. అమ్మడానికి ఒప్పుకోనివాడి లైసెన్సు గల్లంతు. డబ్బున్నవాడు ఇంజన్ మీద సంచులు కుమ్మరించకుండా వెనకటివాళ్ళు వేసిన ముక్కుతాడు అది.

ఆ ముక్కుతాడునే పట్టుకుంది హిల్కా. అరవై ఏళ్ళ వయసులో లైసెన్సు తిరగరాయించుకుంది. పొద్దున్నే మొదటి రేసులో అందరికంటే ఆఖరున వచ్చింది. జనం నవ్వారు. నవ్వుకోనీ అనుకుంది. ఆమె వచ్చింది గెలవడానికి కాదు, చీటీ వేయడానికి.

ఎర్ర కారుకి మూడు చీటీలు పడ్డాయి. ఒకటి హిల్కాది. ఒకటి ఎవరో పొరుగూరివాడిది. మూడోది సైలాది. అమ్మకి తోడుగా వేసింది కాబోలు, రెండు చీటీలైతే అవకాశం రెండింతలు కదా అనుకుంది హిల్కా. గుండె నిండిపోయింది కూడా.

రేసు పెద్ద ఊర్హో తన బొచ్చు టోపీలోంచి ఒక చీటీ తీసి మైకులో చదివాడు.

"హిల్కా! ట్రాక్ మీద నత్త, లాటరీలో చిరుత! చూడండర్రా!"

అంతే. యార్కో పరుగు. హిల్కా పరుగు.

ఇప్పుడు యార్కో కారులోంచి బయటికి దిగుతున్నాడు. చేతిలో చక్రాలు విప్పే స్పానర్!

"తప్పుకో అత్తా. ఆ ఇగ్నిషన్ పెట్టె పగలగొట్టేస్తా."

"ఓహో! అందులో ఏముందో తెలిసిందన్నమాట!"

"తప్పుకోమంటున్నానా!"

హిల్కా తప్పుకోదు. ఇంజన్ మీద బోర్లా పడుకుంటుంది. వేడి తగ్గని లోహం కోటులోంచి కడుపుని కాలుస్తోంది.

"కొట్టు. ముందు నా నడుం విరగ్గొట్టు. ఆయన్ని కొట్టినవాడివి, నేనొక లెక్కా?"

స్పానర్ గాల్లో ఆగుతుంది.

ఆయన అంటే తైస్తో. హిల్కా భర్త. నవంబర్ పద్నాలుగున, సాయంత్రం, పక్కింటివాళ్ళ పడవ ఒడ్డుకి లాగిపెట్టడానికి వెళ్ళి సరస్సు దారిలో నడిచి వస్తున్నాడు. ఏదో కారు గుద్ది పోయింది. రాత్రి వెతికినవాళ్ళకి చీకట్లో కనపడలేదు. తెల్లారి పాలలారీవాడు చూసే దాకా కాలవలోనే ఉన్నాడు. ఎవరైనా అప్పుడే ఫోన్ చేసి ఉంటే బతికేవాడన్నారు డాక్టరు. ఆ మాట హిల్కాని రోజూ తింటోంది.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో ఉంది. గురువారం కాబట్టి బఠానీ సూప్. గరిటె తిప్పుతుండగా దూరంగా ఒక చప్పుడు... ఢాం! దుప్పి వేటగాళ్ళనుకుంది.

రెండు నెలల తరువాత, మొన్న, వేరే కారుకి కాయిల్ మారుస్తుండగా చేతులు ఆగిపోయాయి. చీకట్లో ఎవడు వేటాడతాడు? ఆ చప్పుడు తుపాకీది కాదు. ఆ చప్పుడు తనదే!

అక్టోబర్‌లో యార్కో కారు బాగుచేసింది ఆమే. పాత పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. బలమైన కాయిల్, లావు వైర్లు, జంట కార్బ్యురేటర్లు, పదునైన క్యామ్ షాఫ్ట్. ఇంజన్ పులి అయింది. ఒక్కటే పొగరు... అందుకోగానే సైలెన్సర్‌లోంచి ఢాం అంటుంది. "ఉండనీ అత్తా, జనం జడుసుకోనీ" అని నవ్వాడు యార్కో.

పోలీసులు అందరి కార్లూ చూశారు. ఎర్ర కారు ముందు భాగం సొట్టే. కానీ రేసు కారుకి సొట్ట లేనిదెప్పుడు? వారానికి పది మంది గుద్దుతారు. "ఆ రోజు కారు షెడ్డులోనే ఉంది" అన్నాడు యార్కో. నమ్మారు.

అయితే ఆ ఇగ్నిషన్ పెట్టె రాసి పెడుతుంది. ఇంజన్ అందుకున్న ప్రతిసారీ ఒక వరుస. తేదీ, గంట, ఇంజన్ ఎప్పుడు ఎంత వేగంగా తిరిగిందో ఒక గీత. టైమింగ్ సరిచూడడానికి హిల్కాయే ఆ రాత పెట్టి, మరిచిపోయింది. పెట్టెలో పట్టేవి ముప్పై వరుసలు. ముప్పై ఒకటోది వస్తే మొదటిది మాయం. ఇన్ని రేసులయ్యాక ఆ సాయంత్రం ఇంకా అందులో ఉందో లేదో... ఆమెకి తెలియదు.

"అమ్మా! లే!" సైలా వచ్చేసింది. హిల్కా భుజాలు పట్టి లాగుతోంది. ఇవాళ తనూ రేసులో నడిపింది, హెల్మెట్ ఇంకా తియ్యలేదు. "పోనీ అమ్మా, కారేగా! దీనికోసం ఇంత గొడవా?"

"కారు కోసమా నేను ఏడుస్తోంది?"

"నాన్న తిరిగి రాడు కదమ్మా..."

"రాడు. చంపినవాడైనా రావాలి కదా బయటికి!"

మంచు చిమ్ముకుంటూ పోలీసు అహోలా పరుగెత్తుకొస్తుంది. సాసేజ్ క్యూలోంచి సరాసరి. తొడుగు మీద ఆవపచ్చడి మరక. వెనక ఊర్హో, చేతిలో అమ్మకం కాగితం, రొప్పుతూ.

"స్పానర్ కింద పడెయ్యి యార్కో." అహోలా గొంతు పెరగదు. "ఇప్పుడే."

పడేస్తాడు.

"సంతకం పెట్టు నాయనా," అంటాడు ఊర్హో. "రూలు రూలే. లేకపోతే నీ లైసెన్సు..."

"తీసుకోండి. పొయ్యిలో వేసుకోండి. కారు మాత్రం ఇవ్వను."

"మీరు మొన్న ఫోన్‌లో చెప్పింది దీని గురించేనా హిల్కా గారూ?" అహోలా అడుగుతుంది.

"సోమవారం చూద్దామన్నారు మీరు. సోమవారానికి ఏమీ మిగలదు." హిల్కా లేచి సంచిలోంచి ల్యాప్‌టాప్ తీస్తుంది. "ఇప్పుడు చూడండి."

వైరు అందుకుంటుంది. అప్పుడు...

"నేనే!"

యార్కో.

"నేనే నడిపాను. నేనే గుద్దాను. ఒప్పుకున్నాను కదా! ఇంక అది తెరవక్కర్లేదు. తీసుకుపోండి నన్ను!"

ఊర్హో టోపీ తీసేస్తాడు.

అహోలా అతని చేతులు వెనక్కి విరిచి బేడీలు వేస్తుంది. అతను హిల్కా వైపే చూస్తున్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

"అత్తా... చూడకు. నీకు దణ్ణం పెడతా. చూడకు!"

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు హిల్కా. కొరివితో తల గోక్కోవడం అంటారే, అదే చేసింది.

"కళ్ళారా చూడాలి నేను," అని వైరు గుచ్చింది.

స్క్రీను వెలుగుతుంది. వరుసలు. ముప్పై.

అన్నిటికంటే పైన... నవంబర్ పద్నాలుగు. 17:41.

ఉంది! ఆఖరి అంచున వేలాడుతూ ఉంది. ఇంకొక్క స్టార్టు పడితే పోయేదే!

హిల్కా దాన్ని తెరుస్తుంది. పచ్చ గీత పరుచుకుంటుంది. ఎక్కింది, దిగింది, ఎక్కింది. 17:50 దగ్గర గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది. ఇంజన్ ఆగలేదు. ఊరికే తిరుగుతూ ఉంది. ఒక నిమిషం... రెండు నిమిషాలు... ఆ తరువాత మళ్ళీ ఎక్కింది.

"ఆపాడు," అహోలా మెల్లగా అంటుంది. "దిగాడు. రెండు నిమిషాలు నిలబడ్డాడు. వదిలేసి పోయాడు."

హిల్కా స్క్రీనుకి దగ్గరగా వంగుతుంది. రెండు నిమిషాలు! ఒక్క ఫోన్‌కి చాలవా?

ఏడవడానికి నోరు తెరిచి... ఆగిపోతుంది.

గీతలో ఏదో ఉంది.

వేగం తగ్గిన ప్రతిచోటా, గేరు దిగే ముందు, ఒక చిన్న గెంతు. మలుపు దగ్గర ఒకటి. వంతెన దగ్గర ఒకటి. ప్రతిసారీ ఒకేలా. క్లచ్ వదిలి, ఒక్కసారి యాక్సిలరేటర్ తట్టి, అప్పుడు గేరు.

హిల్కా గబగబా ఇవాళ్టి వరుస తెరుస్తుంది. యార్కో నడిపిన ఫైనల్. గెంతులు లేవు. ఒక్కటీ లేదు. వీడికి గేరు వేయడమంటే గొడ్డలి వేటు. ఏడాదిలో రెండుసార్లు వీడి గేర్‌బాక్స్ విప్పి బిగించింది తనే.

మళ్ళీ మొదటిది. గెంతు. గెంతు. గెంతు.

వాళ్ళ పాత వ్యానుకి రెండో గేరు పడేది కాదు. అడవి దారిలో, పన్నెండేళ్ళ పిల్లని సీటు మీద దిండు వేసి కూర్చోబెట్టి హిల్కా నేర్పింది. "రెండో గేరుని అడిగే ముందు పలకరించాలే తల్లీ. అప్పుడే వస్తుంది." ఈ జిల్లాలో అలా నడిపేవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆ సాయంత్రం వంటింట్లో సూప్ తిప్పుతున్నారు.

హిల్కా తల తిప్పుతుంది.

సైలా హెల్మెట్ తీసేసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మూడో చీటీ తోడుకి కాదు. పోటీకి.

రేసు కారుకి హెడ్‌లైట్లు ఉండవు. కొత్త ఇంజన్ ఎలా ఉందో చూద్దామని తీసింది కాబోలు. చీకట్లో, చీకటి కారు. ఆపింది. దిగింది. చూసింది... కన్నతండ్రిని.

"ఊపిరి లేదనుకున్నానమ్మా," సైలా పెదవులు కదులుతాయి. అహోలాకి వినపడనంత మెల్లగా.

హిల్కాకి వినపడుతుంది.

"దీన్ని కాపీ తీసి ఇవ్వండి హిల్కా గారూ," అహోలా అంటోంది. "పట్నంలో మా నిపుణులు చూస్తారు. గీత గీతా చదువుతారు వాళ్ళు."

గీత గీతా.

"తీస్తాను." హిల్కా గుప్పిట విప్పి రోటర్ చూపిస్తుంది. "కాపీ రావాలంటే ముందు ఇది పెట్టాలి."

అబద్ధం. అహోలాకి ఇంజన్ గురించి ఓనమాలు రావు. తల ఊపుతుంది.

హిల్కా రోటర్ పెడుతుంది. క్యాప్ మూస్తుంది. క్లిప్పు ఈసారి ఇట్టే పడుతుంది.

యార్కోకి అర్థమయింది. అతనొక్కడికే. ఆమె చేతుల వైపే చూస్తున్నాడు.

హిల్కా కిటికీలోంచి చెయ్యి పెడుతుంది. బటన్ మీద వేలు.

తైస్తో, నన్ను క్షమించు.

ఢాం!

జనం కెవ్వుమని తలలు వంచుకుంటారు. అహోలా చెయ్యి నడుముకున్న తుపాకీ మీదికి పోతుంది. ఎక్కడో పిల్లాడు ఏడుపు అందుకుంటాడు.

ఇంజన్ తిరుగుతోంది.

స్క్రీను మీద వరుసలు ఒక్క మెట్టు జరుగుతాయి. అడుగున కొత్తది. పైన... నవంబర్ ఇరవై మూడు.

పద్నాలుగు లేదు. రెండో సారి చచ్చిపోయాడు తైస్తో. ఈసారి చంపింది హిల్కా.

"ఏం చేశారు మీరు!" అహోలా అరుస్తుంది.

"ముసలిదాన్ని. చెయ్యి జారింది."

అహోలా ఆమె కళ్ళల్లోకి చాలాసేపు చూస్తుంది. తరువాత యార్కో వైపు తిరుగుతుంది.

"ఇంకోసారి చెప్పు. ఎవరు నడిపారు?"

"నేనే," అంటాడు యార్కో. నిబ్బరంగా. "నేనొక్కడినే."

కాదు అనడానికి హిల్కా నోరు తెరుస్తుంది. సైలా వైపు చూస్తుంది... మూసుకుంటుంది.

అతన్ని తీసుకుపోతారు. మంచు మీద అతని బూట్ల చప్పుడు... దూరంగా... ఇంకా దూరంగా.

ఊర్హో అమ్మకం కాగితం బానెట్ మీద పెట్టి వెళ్ళిపోతాడు. ఇంజన్ ఒక్క తడబాటు లేకుండా తిరుగుతూనే ఉంది. మంచి పనితనం.

సైలా దగ్గరికి వస్తుంది. తల్లి చేతిని వెతుక్కుంటుంది.

"అమ్మా..."

హిల్కా చెయ్యి వెనక్కి లాక్కుంటుంది.

"నన్ను ముట్టుకోకు."